పాత స్పోర్ట్స్ కారు క్లచ్ సిలిండర్లను ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా?

క్లచ్ పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోయి, రివర్స్ గేరు వేయబోతే కరకరమని చప్పుడు వస్తుంటే చాలామంది ముందుగా క్లచ్ ప్లేటును అనుమానిస్తారు. కేబుల్‌కు బదులు బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో పనిచేసే క్లచ్ ఉన్న కారయితే, తప్పు చాలాసార్లు రెండు చిన్న సిలిండర్లలో ఆయిల్ పక్కకు జారకుండా ఆపే రబ్బరు కప్పులదే. పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను నెడుతుంది, గేర్‌బాక్సు దగ్గరి స్లేవ్ సిలిండర్ ఆ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే ఫోర్కును కదుపుతుంది. ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5 వంటి కార్లలో గేర్‌బాక్సు దించకుండానే ఈ రెండింటినీ తీయవచ్చు. మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌దీ ఇదే పద్ధతి. స్పిట్‌ఫైర్‌ను అసలు హెరాల్డ్ చాసిస్‌ను కుదించే కట్టారు. స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్సు లోపల ఉండే కొత్త తరహా కార్లను మాత్రం ఇంటి దగ్గర ముట్టుకోకపోవడమే మంచిది.

ముందుగా లీకు ఎక్కడో చూడాలి. పెడల్ పైన, కార్పెట్ మీద తడి ఉంటే మాస్టర్ పోయినట్టు. కారు కిందికి వెళ్లి స్లేవ్ సిలిండర్ చివరి రబ్బరు తొడుగును కొంచెం వెనక్కి లాగినప్పుడు ఆయిల్ చుక్కలు కారితే స్లేవ్ పోయినట్టు. ఎక్కడా తడి లేకుండా, సిగ్నల్ దగ్గర గేరులో పెట్టి క్లచ్ తొక్కి నిలబడితే కారు మెల్లగా ముందుకు జరుగుతుంటే, మాస్టర్ లోపలి కప్పు ఆయిల్‌ను పక్కనుంచి వదిలేస్తోందని అనుమానించవచ్చు. ఏది పోయినా రెండు సిలిండర్లనూ, వాటి మధ్య ఉండే రబ్బరు హోసునూ ఒకేసారి మార్చమనే నేను చెబుతాను. ఒక వయసు వస్తువులు ఒకదాని వెంట ఒకటి పోతాయి. అదీగాక, ఆయిల్ దారిలో చేరిన గాలి తీసే శ్రమ రెండుసార్లు పడాలని ఎవరికీ ఉండదు.

మన జిల్లాల్లో ఇవి త్వరగా పోవడానికి ఒక కారణం తేమ. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రపు గాలిలో నిలిపిన కారులో ఆ నీరు సిలిండర్ గోడకు తుప్పు పట్టించి గుంటలు చేస్తుంది, ఆ గుంటలు కొత్త కప్పును కూడా కోసేస్తాయి. అందుకే గోడ నున్నగా ఉంటే తప్ప కప్పుల కిట్ ఒక్కటే వేయడం డబ్బు దండగ. నీరు 3.7 శాతం చేరేసరికి డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ మరిగే వేడికి కనీస ప్రమాణం 205 డిగ్రీల నుంచి 140 డిగ్రీలకు పడిపోతుంది. కాబట్టి ఎప్పుడో మూత తీసి సగం వాడిన డబ్బాను పక్కన పెట్టి, సీలు తీయని అర లీటరు డబ్బా కొనాలి. మనం అలవాటుగా ఆయిల్ అంటాం గానీ ఇది నూనె కాదు. ఇంజిన్ ఆయిల్ గానీ, పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ ఇందులో పోస్తే కప్పులు ఉబ్బి పనికిరాకుండా పోతాయి. డాట్ 5 అనే సిలికోన్ రకాన్ని మామూలు డాట్ 3, డాట్ 4 లతో కలపకూడదు.

కొత్త సిలిండర్ల లోపలి వ్యాసం పాతవాటితో సరిపోవాలి. స్లేవ్ కొంచెం లావుదైతే అంతే ఆయిల్‌కు ఫోర్కు తక్కువ కదిలి, పని అంతా అయ్యాక కూడా గేరు అరుస్తుంది. పాత సిలిండర్ పోతలో ఉన్న అంకెను ఫోటో తీసుకుని, కారు విడిభాగాల దుకాణాలుండే చెన్నై జీపీ రోడ్డుకు వెళ్లినా, ఇంటికి తెప్పించుకున్నా దాన్ని చూపించే కొనాలి.

కారును చదునైన సిమెంటు నేల మీద నిలిపి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ముందు భాగాన్ని జాకీతో ఎత్తి రెండు స్టాండ్ల మీద నిలపాలి. జాకీని నమ్ముకునో, ఇటుకలు పేర్చో కింద దూరకూడదు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, కళ్లకు అద్దాలు పెట్టుకుని, మాస్టర్ చుట్టూ తడిగుడ్డలు పరవాలి. ఈ ఆయిల్ రంగును తినేస్తుంది. ఒలికిన వెంటనే నీళ్లతో కడిగితే బతుకుతుంది. నా కారు బానెట్ అంచున అరచేయంత మచ్చ ఆ తొందరపాటుకు గుర్తుగా ఇప్పటికీ ఉంది.

మాస్టర్‌కు ఆయిల్ అందించే చిన్న ట్యాంకులోని పాత ఆయిల్‌ను సిరంజితో తోడేసి, స్లేవ్ ఇంకా బిగించి ఉండగానే హోసును కొద్దిగా వదులు చేయాలి. సిలిండర్ విప్పాక దాన్ని చేత్తో పట్టుకుని తిప్పడం చాలా కష్టం. ఇనుప పైపుల నట్లకు మామూలు పానా వాడితే మూలలు అరిగిపోతాయి కాబట్టి, ఒక పక్క చీలిక ఉన్న ఫ్లేర్ నట్ పానా కొనడం ఖర్చు అనుకోవద్దు. కొత్త హోసును ముందు స్లేవ్‌కు బిగించి, రెండో కొసను పైపుకు కలిపేటప్పుడు హోసు మెలి తిరగకుండా ఇంకో పానాతో పట్టుకోవాలి. రాగి వాషర్లు ఉన్నచోట కొత్తవే వేయాలి. స్లేవ్ విప్పి ఉండగా పెడల్ తొక్కితే పిస్టన్ బయటికి ఎగురుతుంది. ఇంట్లో పిల్లలుంటే డోరు వేసి ఉంచండి.

మాస్టర్ బిగించాక పెడల్‌కూ పిస్టన్‌కూ మధ్య ఉండే కడ్డీకి సుమారు ఒక మిల్లీమీటరు ఖాళీ ఉందో లేదో చూడాలి. ఖాళీ లేకపోతే ఆయిల్ ట్యాంకులోకి తిరిగి వెళ్లే సన్నని రంధ్రం మూసుకుపోతుంది. ఇంజిన్ వేడికి, మన మే నెల ఎండకు ఆయిల్ ఉబ్బి క్లచ్ తనంతట తానే సగం తొక్కినట్టయి జారుతుంది. ఇది తెలియక కొత్త క్లచ్ ప్లేటు వేయించినవారూ ఉన్నారు.

ఇక గాలి తీయడం. స్లేవ్ మీద గాలి వదలడానికి ఉండే చిన్న మర, అంటే నిపుల్, సిలిండర్‌కు ఎత్తైన చోట ఉండాలి, కిందికి ఉంటే రోజంతా తొక్కినా గాలి రాదు. నిపుల్‌కు సన్నని ప్లాస్టిక్ గొట్టం తగిలించి, రెండో కొసను కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచాలి. లోపలి మనిషి పెడల్‌ను నెమ్మదిగా కింది దాకా తొక్కి పట్టుకోవాలి. కింది మనిషి నిపుల్ వదులు చేసి, బుడగలు వచ్చాక బిగించి, “వదులు” అన్నాకే పెడల్ పైకి రావాలి. ఈ వరస తప్పితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. నాలుగైదు తొక్కులకోసారి ట్యాంకు నింపుతుండాలి. బుడగలు ఆగకపోతే స్లేవ్ కడ్డీని లోపలికి పూర్తిగా నెట్టి కట్టి, మళ్లీ మొదలుపెడితే తరచుగా ఫలితం ఉంటుంది. సీసాలో పడిన ఆయిల్‌ను తిరిగి వాడకూడదు, కాలువలోనూ పోయకూడదు.

రాత్రికి నిపుల్ కింద, మాస్టర్ కింద కాగితాలు పరిచి ఉంచి, పొద్దున తడి లేకపోతే కారు దించి, బ్యాటరీ వైరు తిరిగి తగిలించి, ఇంజిన్ స్టార్ట్ చేసి, క్లచ్ తొక్కి మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. పెడల్ గట్టిగా ఉండి, స్లేవ్ కడ్డీ బాగా కదులుతున్నా గేరు అరుస్తుంటే తప్పు సిలిండర్లది కాదు. వానాకాలమంతా కదలకుండా నిలిపిన కారయితే, క్లచ్ ప్లేటు తుప్పుతో ఇంజిన్ చివర ఉండే ఫ్లైవీల్ చక్రానికి అతుక్కుపోయిందేమో చూడాలి.