పీహెచ్‌పీ సెషన్ నిలవట్లేదా: ఐడీ మారిందా, డేటా పోయిందా?

యూజర్ ఎవరన్నది పేజీ నుంచి పేజీకి సర్వర్ గుర్తుంచుకునేదే సెషన్. లాగిన్ అయ్యాక పక్క పేజీకి వెళ్తే మళ్లీ లాగిన్ పేజీయే వస్తోందా? కోడ్ జోలికి పోకముందే ఎఫ్12 నొక్కి, బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో పీహెచ్‌పీసెస్‌ఐడీ కుకీ (సెషన్ ఐడీని బ్రౌజర్ దాచుకునేది ఇందులోనే) విలువ చూడండి. పేజీ మార్చి మళ్లీ చూడండి. విలువ మారితే కుకీ సర్వర్‌కు తిరిగి చేరట్లేదు. అదే ఉండి డేటా ఖాళీ అయితే గొడవ సర్వర్ వైపు. (లాగిన్ సమయంలో కోడే ఐడీ మారుస్తుంటే అది మామూలే. స్ట్రిక్ట్ మోడ్ (సర్వర్‌కు తెలియని ఐడీని ఒప్పుకోని సెట్టింగ్) ఆన్‌లో ఉంటే సెషన్ ఫైల్ పోయినా ఐడీ మారుతుంది, మోసపోకండి.)

ఐడీ మారుతోంది, లేదా కుకీయే రావట్లేదు

"హెడర్స్ ఆల్రెడీ సెంట్" వార్నింగ్ వస్తే, సెషన్_స్టార్ట్() కంటే ముందే ఏదో ప్రింట్ అయింది. ఏ ఫైల్, ఎన్నో లైన్ అన్నది చాలాసార్లు ఆ వార్నింగ్‌లోనే ఉంటుంది. అక్కడ ఏమీ కనబడకపోతే ఫైల్ మొదట్లో దాగిన 3 బైట్ల బామ్‌ని (ఎన్‌కోడింగ్ తెలిపే, కంటికి కనిపించని గుర్తు) అనుమానించండి. ఫైల్‌ని బామ్ లేని యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే పోతుంది.

వార్నింగ్ లేకపోతే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న అడ్రస్‌కీ లేని అడ్రస్‌కీ మధ్య యూజర్ తిరుగుతున్నాడేమో చూడండి. ఒకదానికే రీడైరెక్ట్ చేయండి. సెక్యూర్ ఫ్లాగ్ పెట్టిన కుకీ హెచ్‌టీటీపీ పేజీకి వెళ్లదు.

పేమెంట్ గేట్‌వే పోస్ట్ పద్ధతిలో వెనక్కి పంపినప్పుడే సెషన్ పోతే కారణం కుకీకి ఉన్న సేమ్‌సైట్ లాక్స్ (Lax) సెట్టింగ్. వేరే సైట్ నుంచి వచ్చే పోస్ట్‌తో అది కుకీని పంపనివ్వదు. దాన్ని నన్ (None) చేసి సెక్యూర్ జోడిస్తే పని జరుగుతుంది. కానీ గేట్‌వే డిజిటల్ సంతకం సరిచూసి, ఆర్డర్ నంబర్‌తో డేటాబేస్‌లో వెతుక్కోవడమే మంచి దారి.

ఐడీ అదే, డేటా లేదు

కాసేపు వదిలేస్తేనే పోతోందంటే గార్బేజ్ కలెక్షన్ (పాత సెషన్ ఫైళ్లను ఊడ్చేసే ప్రక్రియ) పని. జీసీ_మాక్స్‌లైఫ్‌టైమ్ (సెషన్ గడువు) డిఫాల్ట్ 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. పీహెచ్‌పీ సొంత డిఫాల్ట్‌లో సుమారు వంద సెషన్ స్టార్ట్‌లకు ఒకసారే ఊడ్పు జరుగుతుంది కాబట్టి ఒక్కోసారి ఒక్కోలా కనిపిస్తుంది. విలువ పెంచినా ఫలితం లేకపోతే, అదే ఫోల్డర్ వాడే వేరే అప్లికేషన్ తన తక్కువ గడువుతో మీ ఫైళ్లనూ ఊడ్చేస్తోంది. సేవ్_పాత్ (సెషన్ ఫైళ్ల ఫోల్డర్) విడిగా పెట్టండి.

రీఫ్రెష్ కొట్టిన ప్రతిసారీ లాగిన్ ఉంటూ పోతూ ఉంటే లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టులను పలు సర్వర్లకు పంచేది) వెనక సర్వర్లు ఎవరి ఫైళ్లు వాళ్లే పెట్టుకుంటున్నాయి. సెషన్లను రెడిస్‌కు (సర్వర్లన్నీ పంచుకోగల డేటా స్టోర్) మార్చండి.

డేటా ఉంది, పేజీ వేలాడుతోంది

ఒక ట్యాబ్‌లో పెద్ద రిపోర్ట్ తయారవుతుంటే రెండో ట్యాబ్ తిరుగుతూనే ఉంటుంది, వేరే బ్రౌజర్‌లో మాత్రం వెంటనే తెరుచుకుంటుంది. సెషన్ ఫైల్‌కు పడిన లాక్ అది: ఒక పేజీ వదిలేదాకా రెండోది ఆగాలి. రాయాల్సినవి రాసేసి, బరువైన పని మొదలుపెట్టే ముందు సెషన్_రైట్_క్లోజ్() పిలవండి. ఆ తర్వాత సెషన్‌లో పెట్టినవి సేవ్ కావు.