ఆన్‌లైన్‌లో గిఫ్ట్ కార్డుల అమ్మకం: పాఠం 4 – కోడ్ చేయి దాటకముందు

గత పాఠంలో పేమెంట్ గేట్‌వేను అమర్చుకొని మొదటి కార్డు అమ్మడం దాకా వచ్చాము. ఆ అమ్మకం ఎలా తిరగబడుతుందో, అంటే చెల్లింపుకు వాడిన బ్యాంకు కార్డుదారుడు తన బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి రాబట్టుకొనే చార్జ్‌బ్యాక్ ఎలా వస్తుందో, ఈ పాఠంలో చూద్దాము.

వస్తువు అమ్మినవారి దగ్గర ఇంటి చిరునామా, కొరియర్ రసీదు, అందుకున్నవారి సంతకం ఉంటాయి. గిఫ్ట్ కార్డు అమ్మినవారి దగ్గర ఉండేది చాలాసార్లు ఒక ఈమెయిల్ చిరునామా మాత్రమే. పైగా ఆ ఈమెయిల్‌కు పంపే గిఫ్ట్ కార్డు కోడ్ నిమిషాల్లో తక్కువ ధరకు మరొకరికి అమ్ముడుపోగలదు. చార్జ్‌బ్యాక్ వచ్చేసరికి కార్డు విలువా పోతుంది, వచ్చిన సొమ్మూ పోతుంది, వివాద రుసుము అదనంగా పడుతుంది. ఇతరుల కార్డు వివరాలు దొంగిలించినవారు గిఫ్ట్ కార్డుల కోసం వెతుక్కుంటూ రావడానికి కారణం ఇదే.

ఒక ఆర్డరును ఊహించుకొని దగ్గరగా చూద్దాము. రాత్రి 2:10కి కొత్త ఖాతా తెరిచారు. ఐదు నిమిషాల్లో మూడు వేర్వేరు బ్యాంకు కార్డులు తిరస్కరణకు గురై, నాలుగవది ఆమోదం పొందింది. కొన్నవి మీ దగ్గరున్న అత్యధిక విలువ గల కార్డులు, అవీ ఐదు. శుభాకాంక్షలు రాయవలసిన గడి ఖాళీగా ఉంది. వీటిలో ఏ ఒక్కటీ నేరానికి రుజువు కాదు (నిద్రపట్టక అర్ధరాత్రి కానుక కొనేవారూ ఉంటారు), కానీ నాలుగూ ఒకచోట చేరినప్పుడు కోడ్ పంపకుండా ఆపి, కొనుగోలుదారుని విచారించవలసిందే. కొన్ని గంటల ఆలస్యానికి నిజమైన కొనుగోలుదారుడు విసుక్కుంటాడేమో గాని, మోసగాడికి మాత్రం ఆ వ్యవధి గిట్టదు.

"బ్యాంకు ఆమోదించింది కదా" అని నిశ్చింతగా ఉండడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. ఆ ఆమోదానికి అర్థం కార్డు చెల్లుబాటులో ఉందని, అందులో సొమ్ము ఉందని మాత్రమే. కొంటున్నది కార్డుదారుడేనని కాదు. త్రీడీ సెక్యూర్ (చెల్లించేటప్పుడు కొంటున్నది కార్డుదారుడేనా అని ఓటీపీ వంటి దానితో బ్యాంకే తేల్చుకొనే పద్ధతి) ద్వారా ధ్రువీకరణ జరిగితే, "ఈ లావాదేవీ నేను చేయలేదు" అనే తరహా వివాదంలో నష్టభారం సాధారణంగా కార్డు జారీ చేసిన బ్యాంకు మీదికి మారుతుంది. "కొన్నది నాకు అందలేదు" అనే వివాదానికి మాత్రం ఈ రక్షణ లేదు. వీసా ఈ రెండింటినీ వరుసగా 10.4, 13.1 అనే వేర్వేరు సంకేతాలతో గుర్తిస్తుంది కనుక, నోటీసు రాగానే మొదట చూడవలసింది ఆ అంకెనే. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ అమ్మకందారులకు ఇచ్చే విక్రేత రక్షణ మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. నగదుతో సమానమైన గిఫ్ట్ కార్డులను అది మినహాయిస్తుంది.

వివాదం వేయడానికి కార్డుదారుడికి తరచుగా 120 రోజుల దాకా గడువు ఉంటుంది. అంత కాలం తరువాత సాక్ష్యం వెతికితే దొరకదు కనుక, అమ్మిన రోజునే ఐపీ చిరునామా, పరికరం గుర్తు, మెయిల్ పంపిన సమయం, కోడ్ వాడిన సమయం నమోదు కావాలి. 2023 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన వీసా నియమం ప్రకారం, అదే కార్డుతో 120 రోజులకు పైబడిన, ఏడాదికి మించని, వివాదం లేని రెండు పాత కొనుగోళ్లు ఉండి, ఐపీ లేదా పరికరంతో కలిపి కనీసం రెండు వివరాలు సరిపోలితే, ఆ సరిపోలిక 10.4 వివాదంలో విక్రేతకు అనుకూలంగా పనిచేస్తుంది. నా అంచనాలో ఇది పాత ఖాతాదారుల విషయంలోనే అక్కరకు వస్తుంది; ఒక్కసారి కానుక కొని వెళ్లిపోయేవారి విషయంలో కోడ్ వాడకపు నమోదే మీ ముఖ్య పత్రం.

అభ్యాసం: మీ చివరి పది ఆర్డర్లు తీసుకొని, అమ్మిన రోజున నమోదు కావాలని పైన చెప్పిన నాలుగు వివరాలకు నాలుగు గడులు గీసి, ఎవరినీ అడగకుండా నింపండి. ఖాళీగా మిగిలిన గడి ఏదో చూసి, ఆ వివరం ఇకపై దానంతట అదే నమోదయ్యేలా మార్చుకొన్న తరువాతే, రిఫండ్ నియమాలు రాయడం నేర్పే 5వ పాఠానికి రండి.