అందరికీ ఒకేలా గుర్తుంది, కానీ అది అలా లేదు: తప్పుడు జ్ఞాపకాలకు సమస్య - పరిష్కారం

"నాకు బాగా గుర్తుంది, అది అలాగే ఉండేది" అని గట్టిగా వాదిస్తాం. పక్కనున్న నలుగురూ అవునవును అంటారు. తీరా అసలుది బయటికి తీస్తే ఇంకోలా ఉంటుంది. దాంతో కొందరు తమ మతిమరుపు ముదిరిందేమోనని టెన్షన్ పడతారు, ఇంకొందరు అసలునే ఎవరో మార్చేశారని అనుమానిస్తారు. చాలావరకు రెండూ కాదు. గుర్తుచేసుకున్న ప్రతిసారీ మనసు దొరికిన ముక్కలతో జ్ఞాపకాన్ని మళ్లీ కూర్చుకుంటుంది, లోటున్నచోట తనకు తెలిసినదాంతో పూరిస్తుంది. ఆ పూరించడం అందరిలో ఒకేలా జరిగినప్పుడు తప్పు కూడా అందరికీ ఒకేలా వస్తుంది.

మొదలుపెట్టే ముందు ఈ మాటలు నెమ్మదిగా ఒక్కసారి చదవండి: మంచం, దిండు, దుప్పటి, అలసట, కల, గురక, ఆవులింత, కునుకు, రాత్రి, జోలపాట, మెలకువ, బద్ధకం. వీటి సంగతి కాసేపట్లో చూద్దాం.

సమస్య 1: రోజూ చూసేదే, గీయమంటే తప్పు వస్తోంది

రోమన్ అంకెలున్న గోడ గడియారాన్ని చూడకుండా కాగితం మీద గీయండి. నాలుగు దగ్గర ఏం రాశారు? చాలామంది ఒక నిలువు గీత, దాని పక్కన అయిదుకు వాడే గుర్తు వేస్తారు. బళ్లో నేర్పింది అదే. కానీ అలాంటి గడియారాల్లో ఎక్కువ వాటి మీద వరసగా నాలుగు నిలువు గీతలే ఉంటాయి. లండన్ బిగ్ బెన్ లాంటివి కొన్ని మాత్రం ఇందుకు మినహాయింపు. 1993లో క్రిస్టఫర్ ఫ్రెంచ్, ఆన్ రిచర్డ్స్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే పరీక్ష పెట్టారు. గడియారాన్ని చూస్తూ గీసినవాళ్లు నాలుగు గీతలు వేశారు. చూసి, తర్వాత గుర్తు తెచ్చుకుని గీసినవాళ్లలో ఎక్కువమంది బడిలో నేర్చుకున్న అంకే వేశారు.

కారణం: టైమ్ తెలుసుకోవడానికి ముల్లు ఎటుందో చూస్తే చాలు. అంకెల ఆకారం మన పనికి అక్కర్లేదు కాబట్టి మనసు దాన్ని దాచుకోదు. అడిగినప్పుడు మాత్రం ఖాళీగా వదలకుండా, తెలిసిన అంకెను అక్కడ పెట్టేస్తుంది. 2015లో అమెరికాలో 85 మంది విద్యార్థులను యాపిల్ కంపెనీ లోగో గీయమంటే, తప్పు లేకుండా గీసింది ఒక్కరే. వరసగా పెట్టిన లోగోల్లోంచి సరైనదాన్ని ఎంచుకున్నవాళ్లు కూడా సగం లేరు.

ఏం చేయాలి: వాదన మొదలయ్యే ముందు, ఫోన్‌లో వెతకడానికి ముందు, గుర్తున్నది గీయండి లేదా రాసిపెట్టండి. చేత్తో గీస్తుంటేనే ఎక్కడ తెలుసో, ఎక్కడ ఊహిస్తున్నామో మనకే తెలిసిపోతుంది. ముందు వెతికేస్తే, కళ్లకు కనబడ్డదే ఎప్పటినుంచో గుర్తున్నట్టు అనిపిస్తుంది. అప్పుడు మీ అసలు జ్ఞాపకం ఏమిటో తేల్చుకునే దారి ఉండదు.

సమస్య 2: లేని వివరం ఉన్నట్టు గుర్తుంది

మోనోపలీ ఆటలో టోపీ పెట్టుకున్న ముసలాయనకు ఒంటికంటి అద్దం ఉందని చాలామంది చెబుతారు. లేదు. పోకెమాన్ కార్టూన్‌లోని పికాచూ బొమ్మకు తోక చివర నల్లగా ఉంటుందంటారు. నల్లగా ఉండేది చెవుల చివర్లు. 2022లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన దీపశ్రీ ప్రసాద్, విల్మా బైన్‌బ్రిడ్జ్ 40 బొమ్మలు తీసుకుని, ఒక్కోదానికి అసలుతో పాటు మార్చిన రూపాలు కూడా చూపించి ఏది సరైనదని 100 మందిని అడిగారు. ఏడు బొమ్మల విషయంలో జనం తలో తప్పు వైపు కాక, ఒకే తప్పు రూపం వైపు మొగ్గారు.

కారణం: తేలిగ్గా దొరికే సమాధానం, అలవాటైన మూస. పాతకాలపు ధనవంతుడంటే పొడవు టోపీ, చేతికర్ర, ఒంటికంటి అద్దం అని ఒక మూస ఉంది. టోపీ, కర్ర కనబడగానే మూడోదాన్ని మనసే చేర్చేస్తుంది. ఇప్పుడు పైన చదివిన మాటల దగ్గరికి వద్దాం. వెనక్కి చూడకుండా చెప్పండి: అందులో 'గురక' ఉందా? 'తలుపు' ఉందా? 'నిద్ర' ఉందా? మూడోదానికి అవునని అన్నట్టయితే, మీరూ ఎక్కువమంది దారిలోనే ఉన్నారు. ఆ జాబితాలో నిద్ర అన్న మాటే లేదు. జేమ్స్ డీస్ 1959లో మొదలుపెట్టిన ఈ పద్ధతిని 1995లో రోడిగర్, మెక్‌డెర్మట్ మళ్లీ పరీక్షించారు. చెప్పని మాటను కూడా జనం ఖాయంగా విన్నామనే అన్నారు.

అయితే మూస ఒక్కటే అన్నిటికీ జవాబు కాదు. ఫ్రూట్ ఆఫ్ ది లూమ్ అనే బట్టల కంపెనీ లోగోలో పళ్ల వెనక కొమ్ము ఆకారపు బుట్ట ఉందని జనం గట్టిగా అంటారు. నిజానికి లేదు. పళ్లను పళ్లెంలో చూస్తాం గానీ అలాంటి బుట్టలో ఎంతమంది చూసుంటారు? షికాగో పరిశోధకులు కూడా అన్ని బొమ్మలకూ సరిపోయే ఒకే కారణం దొరకలేదని తేల్చారు. ఈ నిజాయితీ నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఈ విషయం మీద ఒక్క ముక్కలో తేల్చిపారేసే వివరణలే ఎక్కువ.

ఏం చేయాలి: అనుమానం ఉన్న వివరం ఒక్కదాన్నే పట్టుకుని, "ఇది నేను చూశానా, లేక ఉంటే బాగుంటుందని అనిపిస్తోందా?" అని అడగండి. తర్వాత పాత పెట్టె, పాత ముద్రణ వెతకండి. ఈ రెండో పని మానేయకండి. లోగోలు నిజంగానే మారతాయి, పుస్తకాలకు వేర్వేరు ముద్రణలుంటాయి. ఒక్కోసారి మీకు గుర్తున్నదే సరైనది కావచ్చు.

సమస్య 3: ఒక సంఘటనే గుర్తుంది, అది జరగనే లేదు

దక్షిణాఫ్రికాలో జాతివివక్ష మీద పోరాడిన నెల్సన్ మండేలా 1980ల్లో జైల్లోనే చనిపోయారని ఎంతోమంది నమ్మారు. ఆయన 1990 ఫిబ్రవరి 11న విడుదలయ్యారు, 1994లో దక్షిణాఫ్రికా అధ్యక్షుడయ్యారు, 2013 డిసెంబర్ 5న మరణించారు. ఇలాంటి ఉమ్మడి పొరపాట్లకు మండేలా ఎఫెక్ట్ అన్న పేరు ఫియోనా బ్రూమ్ అనే రచయిత్రి పెట్టింది.

కారణం: విషయం గుర్తుండి, అది ఎక్కడినుంచి వచ్చిందో గుర్తులేకపోవడం. అదే దేశంలో అదే పోరాటంలో ఉన్న స్టీవ్ బికో 1977లో పోలీసు కస్టడీలో చనిపోయారు. ఆ వార్త, మండేలా ఏళ్ల తరబడి జైల్లో ఉన్నారన్న వార్త కలిసిపోయి ఉండొచ్చు. ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఆమ్‌స్టర్‌డామ్‌ది. 1992 అక్టోబర్‌లో అక్కడ సరుకు రవాణా విమానం ఒకటి అపార్ట్‌మెంట్ భవనం మీద కూలింది. అది ఢీకొన్న క్షణాన్ని టీవీలో చూశారా అని తర్వాత పరిశోధకులు అడిగితే, సగం మందికి పైగా చూశామన్నారు. ఆ క్షణాన్ని ఎవరూ వీడియో తీయలేదు. విన్నదాన్ని మనసులో బొమ్మ కట్టుకున్నారు, ఆ బొమ్మ టీవీలో చూసినట్టు నిలిచిపోయింది.

ఏం చేయాలి: "ఎక్కడ, ఎవరి ద్వారా, ఏ సంవత్సరంలో తెలిసింది?" అని రాసుకోండి. జవాబు దొరక్కపోతే ఆ జ్ఞాపకాన్ని విన్నమాట కిందే లెక్కేయండి.

సమస్య 4: మాట్లాడుకున్నకొద్దీ అందరి జ్ఞాపకం ఒకటవుతోంది

కారణం: ఒకరి మాట ఇంకొకరి జ్ఞాపకంలో చేరిపోతుంది. ప్రశ్న అడిగే తీరు కూడా చాలు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కార్ల ప్రమాదం వీడియో చూపించి, కొందరిని కార్లు "తగిలినప్పుడు" ఎంత వేగంగా ఉన్నాయని, ఇంకొందరిని "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" ఎంత వేగమని అడిగారు. వారం తర్వాత పగిలిన గాజు కనబడిందా అంటే మొదటివాళ్లలో 14 శాతం, రెండోవాళ్లలో 32 శాతం అవునన్నారు. వీడియోలో పగిలిన గాజే లేదు.

ఏం చేయాలి: ఎవరికి వాళ్లు విడిగా, మాట్లాడుకోకముందే రాయాలి. "బుట్ట ఉంది కదా?" అని అడగకండి, "ఏమేమి గుర్తున్నాయి?" అనండి. పోలీసు సాక్ష్యం, ఆఫీసు విచారణ లాంటివాటిలో దీన్ని అస్సలు వదలకూడదు. పది మంది ఒకే మాట చెప్పినా, ముందే కలిసి మాట్లాడుకున్నవాళ్లయితే అది పది సాక్ష్యాల కింద లెక్కకు రాదు.

సమస్య 5: కళ్లకు కట్టినట్టుంది, తప్పు ఎలా అవుతుంది?

1986లో అమెరికా వ్యోమనౌక చాలెంజర్ పేలిన మర్నాడే ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ విద్యార్థులతో ఆ వార్త ఎక్కడ, ఎలా తెలిసిందో రాయించారు. రెండేళ్లు దాటాక మళ్లీ అడిగితే, 44 మందిలో పావువంతు మంది చెప్పిన ప్రధాన వివరాలన్నీ తప్పే. చాలామంది మాత్రం గట్టి నమ్మకంతో ఉన్నారు. తమ చేతిరాతే చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు.

ఏం చేయాలి: ఎంత గట్టిగా అనిపిస్తోందో దాన్నిబట్టి తేల్చకండి. ముఖ్యమైన విషయం జరిగిన రోజే తేదీ వేసి రాసి పెట్టుకోండి. ఇంట్లో ఎవరైనా తప్పు చెబుతుంటే అబద్ధమాడుతున్నారని మీద పడకండి, వాళ్లకు నిజంగానే అలా గుర్తుంది.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి

పైన చెప్పినవేవీ జబ్బు లక్షణాలు కావు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మెదడు చేసే మామూలు పనే ఇది. నిన్న జరిగింది పూర్తిగా పోవడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, తెలిసిన దారిలో తప్పిపోవడం మాత్రం వేరే కోవ. అవి కనబడితే ఆలస్యం చేయకుండా నరాల డాక్టరుకు చూపించండి.