స్పానిష్ వాళ్ళు ఇంగ్లీష్ క్లాసిక్స్‌తో పదాలు నేర్చుకుంటుంటే ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చెయ్యాలి

సాయంత్రాలు ఆన్‌లైన్‌లో స్పానిష్ మాట్లాడేవాళ్ళకి ఇంగ్లీష్ చెప్తుంటా. మనవాళ్ళకి పెద్ద పెద్ద పదాలంటే భయం కదా, వీళ్ళకి ఉల్టా. ఫెలిసిటీ (ఆనందం) అనగానే వాళ్ళ ఫెలిసిదాద్ గుర్తొచ్చేస్తుంది, అయిపోయింది. వీళ్ళని ముంచేవి చిన్న పదాలు, ఇంకా ఎక్కడో చూసినట్టు అనిపించే పదాలు.

సమస్య: డిక్షనరీ ముట్టుకోకుండా చాప్టర్ చదివేశారు, కథ అడిగితే ఇంకేదో కథ చెప్తున్నారు.

కారణం: రెండు భాషల్లో ఒకేలా కనిపించి అర్థం మారిపోయే పదాలు. మనకి కొత్తేం కాదులెండి, హిందీలో శిక్షా అంటే చదువు, మనకి శిక్ష శిక్షే, ఉపన్యాస్ అంటే వాళ్ళకి నవల, మనకేమో మైకు పట్టుకుంటే వదలని ఉపన్యాసం. అలాగే స్పానిష్‌లో ఎంబరసాదా అంటే కడుపుతో ఉన్నావిడ, కాబట్టి నవల్లో పెళ్ళికాని పిల్ల అందరి ముందు ఎంబరాస్ అయిందని ఉంటే వీళ్ళ ఊహ ఎక్కడిదాకా వెళ్తుందో మీరే చూస్కోండి. సెన్సీబ్లే అంటే ఇట్టే మనసు నొచ్చుకునే మనిషి, ఇంగ్లీష్ సెన్సిబుల్ అంటే బుర్ర ఉన్న మనిషి. పోనీ ఇదే రూల్ అనుకుందామా అంటే జేన్ ఆస్టిన్ 1811 నవల సెన్స్ అండ్ సెన్సిబిలిటీ పేరులో ఉన్న సెన్సిబిలిటీ స్పానిష్ అర్థానికే దగ్గర!

ఏం చెయ్యాలి: తెలియని పదం కింద కాదు, తెలిసినట్టు అనిపించిన పదం కింద పెన్సిల్ గీత పెట్టమనండి. చాప్టర్‌కి ఓ ఐదు చూస్తే చాలు. నోట్‌బుక్‌లో పక్కనే అసలు స్పానిష్ మాట రాయాలి, ఎంబరాస్డ్ పక్కన అవెర్గోన్సాదా అని.

సమస్య: పదాలన్నీ తెలుసు, డిక్షనరీ కూడా చూశారు, అయినా సీన్ అర్థం కాలేదు, లేదా మరీ ఎక్కువ అర్థమైంది.

1815లో వచ్చిన ఎమ్మా నవల్లో బండిలో వెళ్తుండగా ఎల్టన్ గారు ఎమ్మాకి మేకింగ్ లవ్ అని ఉంటుంది, ఇది చదివి మా క్లాసులో ఒకాయన మొహం ఎర్రబడిపోయింది. పాపం ఎల్టన్ చేసింది ప్రేమ వెళ్ళబోసుకోవడం, అంతే. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ మొదటి వాక్యంలోని వాంట్ కూడా అంతే, అక్కడ కావాలని కోరుకోవడం కాదు, లేకపోవడం, అవసరపడటం. రెండొందల ఏళ్ళలో పదాలు జరిగిపోయాయి, అదీ కారణం. పేజీ కింద నోట్స్ ఉన్న ఎడిషన్ కొనడమే దీనికి మందు, ఫోన్‌లో చిన్న డిక్షనరీ పనికిరాదు.

సమస్య: పది పేజీల దగ్గరే ఆగిపోయారు, నోట్‌బుక్ మాత్రం నిండిపోయింది.

పుస్తకం ఎంపిక తప్పు, ఇంకేం లేదు. హకిల్‌బెరీ ఫిన్ పిల్లల పుస్తకం అనుకుని మొదలుపెడతారు, అందులో యాస స్పెల్లింగే అందరికీ నరకం. నేనైతే హెమింగ్వే ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ ఇస్తా, 1952 నాటిది, చిన్నది, కథ క్యూబాలో, మొదట్లోనే సలావ్ (బొత్తిగా అదృష్టం లేనివాడు) అనే స్పానిష్ మాట వస్తుంది, వాళ్ళకి సొంతింట్లో ఉన్నట్టు ఉంటుంది. స్కిఫ్, గాఫ్ లాంటి పడవ, వేట పదాలు ఎలాగూ మళ్ళీమళ్ళీ వస్తాయి. అందుకే ఏ పదమైనా రెండోసారి కనపడ్డాకే రాసుకోమంటా.

సమస్య: నేర్చుకున్నారు గానీ మాట్లాడితే పాతకాలం ఉత్తరం చదివినట్టుంది.

1066లో నార్మన్లు ఇంగ్లండ్ గెలిచాక ఫ్రెంచ్ మాటలు గుంపులుగా దిగాయి, లాటిన్‌వీ తర్వాత చేరాయి. అందుకే చాలాచోట్ల ఒక పనికి రెండు మాటలు, ఎసెండ్ అనీ గో అప్ అనీ. స్పానిష్ వాళ్ళ చెయ్యి వాళ్ళ అసెందేర్‌కి దగ్గరున్న మొదటి దానికే వెళ్తుంది, మెట్లెక్కినా ఎసెండే. నవల్లో డైలాగులు మాత్రమే తీసుకుని గో, గెట్, పుట్ పక్కన ఏ చిన్న పదం తగిలిందో చూస్తూ రెండు వారాలు అవే రాయించండి. బోర్ కొడుతుంది, కానీ పనిచేస్తుంది.

ఉచ్చారణ సంగతి ఆడియోబుక్ పెట్టుకుని పక్కన పుస్తకం చూస్తే చాలావరకు సర్దుకుంటుంది. స్కూల్‌ని ఎస్కూల్ అనడం మాత్రం అంత తొందరగా పోదు, మా ఊళ్ళో ఇంకా ఇస్కూలే అంటాం కాబట్టి నేను దాని జోలికి వెళ్ళను.