ఎదుటి లైన్ బ్లాకులు చదవడం: ఫుట్‌బాల్ సీజన్‌కు ముందు జాగ్రత్తలు

అమెరికాలో ఆగస్టు వస్తే హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని ఆడే ఆట) ప్రాక్టీసులు ఊపందుకుంటాయి. అక్కడ మన ఇళ్ల పిల్లలు ఎవరైనా డిఫెన్సివ్ లైన్‌లో, అంటే ఎదుటి జట్టును ఆపే ముందు వరుసలో ఆడుతుంటే, ప్యాడ్లు కట్టకముందే ఈ విషయాలు మాట్లాడుకోండి.

లైన్‌లో ఎదురుగా వచ్చే దెబ్బకు ఒళ్లు సిద్ధంగా ఉంటుంది. చూడని వైపు నుంచి వచ్చేదే మోకాలి మీదికి తెస్తుంది. స్నాప్ కాగానే, అంటే బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టగానే, బంతి ఎక్కడుందా అని క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపేవాడు) వైపు చూడటం చాలామందికి అలవాటు. అది మానాలి. ముందు చూడాల్సింది ఎదుటి బ్లాకర్‌ని, అంటే మనల్ని అడ్డుకునేవాడిని.

అతను నేలకు ఆనించిన చేతిని గమనించాలి. వేళ్ల కణుపులు తెల్లబడేంత బరువు మోపాడంటే ముందుకు దూకే ఉద్దేశం, రన్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆట) కావచ్చు. చెయ్యి తేలిగ్గా ఆనించి వెనక్కి కూర్చుంటే పాస్ (బంతి విసిరే ఆట) కావచ్చు, పక్కకు పరిగెత్తడానికీ కావచ్చు. అయితే అనుభవం ఉన్నవాడు కావాలనే తప్పుదారి పట్టిస్తాడు. అందుకని స్నాప్ తర్వాత అతని హెల్మెట్‌నే నమ్మాలి. పైకి లేచి వెనక్కి తగ్గితే ఎక్కువగా పాస్. కిందికే ఉండి మీదికొస్తే రన్. మన బయటి భుజం దాటాలని చూస్తే ఆట ఆ వైపే సాగబోతోంది. బయటి చెయ్యి అతనికి చిక్కకుండా ఉంచుకోవాలి.

అన్నిటికన్నా భయపడాల్సింది ఎవరూ అడ్డు రానప్పుడు. ఎదుటివాడు మనల్ని వదిలేసి లోపలికి వెళ్లాడా, దారి ఖాళీగా ఉందని పరిగెత్తకూడదు. అవతలి వైపు గార్డ్ (ఎదుటి లైన్ మధ్య భాగంలో ఆడే బ్లాకర్) లైన్ వెనక నుంచి మన మీదికే వస్తూ ఉండొచ్చు. దాన్నే ట్రాప్ అంటారు. ఒక్క అడుగులో ఆగి, వెళ్లిన బ్లాకర్ నడుముకు దగ్గరగా జరిగి, మోకాళ్లు వంచి లోపలికి తిరిగి ఆ గార్డ్‌ని ఎదుర్కోవాలి.

ఇద్దరు కలిసి నెడితే నిటారుగా లేవకూడదు. రెండోవాడి వైపు తుంటి దించి చోటు వదలకుండా ఉండాలి. బ్లాకర్ మన కాళ్ల మీదికి దూకితే అతని భుజాల మీద చేతులు నొక్కి, పాదాలు వెనక్కి లాగాలి. ఒకడు పైన పట్టి ఉంచగా మరొకడు కాళ్ల మీద పడటం నిబంధనలకు విరుద్ధం. జరిగితే వెంటనే కోచ్‌కి చెప్పాలి.

ఏ బ్లాక్‌కైనా తల వంచి ఢీకొనకూడదు, మెడకు ప్రమాదం. తల దిమ్ముగా ఉన్నా, చూపు మసకబారినా దాచకుండా బయటికి రావాలి. కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అనుమానం ఉంటే ఆ రోజు మళ్లీ ఆడించొద్దు. డాక్టర్ సరేనన్నాకే మైదానంలోకి పంపండి, ఎంత పెద్ద మ్యాచ్ ఉన్నా సరే.