రోజువారీ ప్రార్థనకు వేళ కుదుర్చుకోవడం ఎలా?

మొదట రాత్రి నిద్రవేళ సరిచేసుకోండి. పదకొండున్నర దాకా ఫోన్ చూస్తూ కూర్చుంటే తెల్లవారుజామున ఐదింటికి మోకరించడం జరగని పని. యేసు ఇంకా చీకటిగా ఉండగానే లేచి ఏకాంత స్థలానికి వెళ్లాడని బైబిల్లోని మార్కు సువార్త 1:35 చెబుతోంది. నైట్ డ్యూటీ చేసేవారు ఇంటికి రాగానే, పడుకునేముందు చేసుకోవచ్చు. గడియారంలో ఏ గంట అన్నది కాదు, ఆ వేళ రోజూ మారకపోవడమే ముఖ్యం.

పదిహేను నిమిషాలతో మొదలుపెట్టండి. మొదటి రోజే గంట పెట్టుకున్నవారు చాలామంది కొద్ది వారాల్లోనే మానేస్తారు. ముందుగా బైబిల్లోని కీర్తనల గ్రంథం నుంచి ఒక కీర్తన పైకి చదవండి. మనసు కుదురుతుంది, మాటలూ దొరుకుతాయి. తర్వాత స్తుతి, పాపపు ఒప్పుకోలు, కృతజ్ఞత, చివర విన్నపాలు. విన్నపాలతో మొదలుపెడితే సమయమంతా వాటికే పోతుంది. ఎవరికోసం ప్రార్థించాలో ఒక నోటుబుక్కులో తేదీతో రాసి, రోజుకు ముగ్గురి చొప్పున పంచుకోండి. జవాబు వచ్చినప్పుడు పక్కనే ఆ తేదీ వేయండి.

ఫోన్ వేరే గదిలో ఉంచి అచ్చు బైబిలే తీయండి. మంచం మీద వద్దు, నిద్ర ముంచుకొస్తుంది. చాప వేసుకోండి, మోకాళ్లు నొప్పైతే కుర్చీలో కూర్చోండి.

కుటుంబ ప్రార్థన పది నిమిషాలు దాటనివ్వకండి. పాట ఒకటి పాడండి, బైబిల్ వాక్యం పిల్లలతో చదివించండి. పెద్దల ప్రార్థన మరీ సాగితే పిల్లలకు అది శిక్షలా తోస్తుంది.

ఒకరోజు తప్పితే మర్నాడు రెట్టింపు చేయకండి, మళ్లీ ఆ పదిహేను నిమిషాలే.