పాడేరు సిగ్నల్‌కూ ఆడే ఆన్‌లైన్ పాఠం

విశాఖ క్యాంపస్‌లో తయారుచేసిన పాఠం పాడేరు ఏజెన్సీలో ఉన్న విద్యార్థి ఫోన్‌లోనూ ఆడాలి. గంట లెక్చర్‌ను ఒకే ఫైలుగా మూడుల్‌లోకి (ఆన్‌లైన్ పాఠాలు పెట్టే వేదిక) ఎక్కించకండి, అంశానికొకటి చొప్పున 10 నిమిషాల ముక్కలు చేయండి. వీడియో సైజు తగ్గించే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు రకం ఎంపీ4, కుదింపు పద్ధతి హెచ్.264, బొమ్మ సైజు 720పీ ఎంచుకోండి. బిట్‌రేట్ (సెకనుకు పట్టే డేటా) వీడియోకి 900, ఆడియోకి 96 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) పెడితే ఒక్కో ముక్క సుమారు 75 ఎంబీ వస్తుంది. స్లైడ్లే కనబడే పాఠానికి సెకనుకు 15 ఫ్రేములు చాలు.

బొమ్మ కాస్త మసకైనా పిల్లలు సర్దుకుంటారు, మాట వినబడకపోతే మాత్రం ఆపేస్తారు. అందుకే ఫ్యాన్ కట్టేసి, కాలర్ మైక్ పెట్టుకుని రికార్డు చేయండి. పీడీఎఫ్ నోట్సు తప్పనిసరిగా జతచేయండి.

ఇక పరీక్షించడం. టీచర్ లాగిన్‌లో దాచిపెట్టిన ఫైళ్లు కూడా కనబడతాయి కాబట్టి లోపం బయటపడదు. విడిగా ఒక విద్యార్థి లాగిన్ తయారుచేసుకుని, వైఫై ఆపి, మొబైల్ డేటా మీద తెరిచి చూడండి.